చిన్నకోడలి కిటికీ

తాళాలమ్మకి అసలు పేరంటూ ఒకటుండేది. అదేమిటని అడిగితే ఆవిడే ఒక్క క్షణం తడుముకునేది. పొద్దున్నే నడుముకి తాళాలగుత్తి దోపుకోవడం, మేడలో గదులన్నీ తెరవడం, టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ళని వెంటబెట్టుకుని ఇది భోజనాల గది, ఇది పెద్దయ్యగారి లెక్కల గది అని చూపించడం, సాయంత్రం మళ్ళీ అన్నిటికీ తాళాలు వేయడం, ఇదే ఆవిడ పని. ఎవరో వేళాకోళానికి తాళాలమ్మ అన్నారు. అదే ఖాయమైపోయింది.

ఆ మేడని అందరూ కలపవారి మేడ అంటారు. అడవి నుంచి దుంగల్ని నదిలో తెప్పలు కట్టి దింపుకుని, అమ్మి, బాగా గడించిన కుటుంబం వాళ్ళది. మంచి చెక్కంతా ఊరికి అమ్మితే ఏం బావుంటుందనుకున్నారో ఏమో, మేలైనది తమ ఇంటికే అట్టేపెట్టుకున్నారు. మెట్ల కటకటాల మీద పిట్టలు, ద్వారబంధాల మీద ద్రాక్షగుత్తులు, అద్దాల బీరువాల మీద సింహం మొహాలు. మూడు తరాలు అందులో దర్జాగా బతికాయి. నాలుగో తరానికి పిల్లాజెల్లా లేరు. ఆఖరివాడైన చిన్నయ్యగారు మేడని ఒక సంఘానికి రాసిచ్చి కన్నుమూశారు. సంఘంవాళ్ళు గోడలకి వెల్లవేయించి, గుమ్మం దగ్గర ఒక బల్ల వేసి, టికెట్లు అమ్మడం మొదలుపెట్టారు.

తాళాలమ్మ ఆ ఇంటి బిడ్డ కాదు, ఆ ఇంటి వంటమనిషి బిడ్డ. వంటింటి వెనకాల, పెరటిగోడని ఆనుకుని ఒక ఇరుకు గది ఉంది. ఆవిడా, ఆవిడ అక్కా పుట్టింది అందులోనే. తల్లి పోయాక కూడా చిన్నయ్యగారు వాళ్ళని కదపలేదు. సంఘం వచ్చాక ఆ గది సంగతి ఎవరూ పట్టించుకోలేదు. గదులు చూపించే మనిషి మేడలోనే ఉంటే మంచిదేగా అనుకుని ఊరుకున్నారు.

అసలు కథంతా అక్కగారి దగ్గరే ఉంది. నడివయసులో ఆవిడ చూపు మసకబారుతూ మసకబారుతూ పూర్తిగా ఆరిపోయింది. ఇంకొకరైతే మంచం పట్టేవాళ్ళు. ఆవిడ మాత్రం చీపురు పట్టింది. సందర్శకులు వెళ్ళిపోయి గేటు మూయగానే గదిలోంచి బయటికొచ్చేది. కర్ర లేదు, ఆసరా లేదు. వంటిల్లు దాటి, వరండా దాటి, మెట్లెక్కి, పై అంతస్తు దాకా గబగబా నడిచిపోయేది. ఎక్కడ గుమ్మం ఎత్తుగా ఉందో, ఏ మెట్టు కిర్రుమంటుందో ఆవిడ కాళ్ళకి కంఠతా వచ్చు. చెక్కిన పిట్టల రెక్కల సందుల్లో దుమ్ము వేళ్ళతో తడిమి తుడిచేది. "నీ కళ్ళకి కనపడని దుమ్మే నా వేళ్ళకి దొరుకుతుంది. ఇంకా నయం నాకు చూపు పోయింది, లేకపోతే ఈ ఇల్లు ఏమయ్యేదో!" అని చెల్లెల్ని దెప్పేది. నవ్వు, దెప్పు, పాట ఆగేవి కావు ఆవిడకి. ఆ గోడల మధ్య ఆవిడ గుడ్డిది కాదు. గేటు దాటి నాలుగు అడుగులేస్తే మాత్రం చెల్లెలి చెయ్యి పట్టుకుని కొయ్యబారిపోయేది.

అందుకే తాళాలమ్మకి ఆ గదంటే ప్రాణం. అక్కకి కళ్ళు లేకపోయినా ఇల్లుంది, ఆ ఇల్లు కూడా లేకపోతే ఇంకేముంది?

అలాంటిది ఒకరోజు సంఘం కార్యదర్శి వచ్చి గుమ్మంలోనే కూలబడింది. కార్యదర్శి అంటే ముసలాయన అనుకునేరు, చురుకైన అమ్మాయి. మంచిదే, కష్టపడేదే. "జనం రావట్లేదు తాళాలమ్మా. కుర్చీలు, బీరువాలు ఎంతసేపని చూస్తారు? ఇలాగే ఉంటే మేడ మూసేద్దామని పైవాళ్ళు అంటున్నారు" అంది.

తాళాలమ్మకి ముందు తమ గదే గుర్తొచ్చింది. మేడ మూస్తే వెనకగది మటుకు తెరిచి ఉంచుతారా?

సరిగ్గా ఆ వారంలోనే ఒక వర్షం రోజు ఏవో రెండు కుటుంబాలు వచ్చాయి. పిల్లలు ఆవలిస్తున్నారు, మగవాళ్ళు గడియారాలు చూసుకుంటున్నారు. పెరట్లోకి వచ్చేసరికి వాన పెద్దదైంది. అందరూ చూరు కింద నిలబడ్డారు. ఒకావిడ పెదవి విరిచి, "ఇంతేనా? ఇంకేం లేదా?" అంది.

ఇంతేనా అన్న మాట తాళాలమ్మకి ముల్లులా గుచ్చుకుంది. ఎదురుగా తమ గది కిటికీ కనిపిస్తోంది. ఊచల కిటికీ, కింద రాతి గట్టు, గట్టు మధ్యలో బాగా అరిగిన పల్లం. ఆ కిటికీలోంచి చూస్తే పెరటి గుమ్మం మీదుగా వెనక సందు చివరిదాకా, రేవు దాకా కనిపిస్తుంది. "ఆ కిటికీ దగ్గర కూర్చుని..." అని మొదలుపెట్టింది. మా అమ్మ అనబోయింది. కానీ వంటమనిషి గోడు ఎవరిక్కావాలి? మాట నాలుక చివరిదాకా వచ్చి దారి మళ్ళింది. "ఈ ఇంటి చిన్నకోడలుగారు మొగుడికోసం బతికినన్నాళ్ళూ ఎదురుచూశారండీ" అనేసింది.

పిల్లలు ఆవలించడం మానేశారు. ఇక చూసుకోండి, ఆవిడ నోటికి పగ్గాలు లేకుండా పోయాయి. చిన్నకోడలి మొగుడు వ్యాపారానికి ఓడెక్కి వెళ్ళాడట. రేపో మాపో వస్తానన్నాడట. ఆవిడ మేడమీది గది వదిలేసి, ఎవరెంత బతిమాలినా వినకుండా, రేవు కనిపిస్తుందని ఈ ఇరుకు గదిలోకి వచ్చేసిందట. కళ్ళల్లో వత్తులేసుకుని చూసీ చూసీ, మోచెయ్యి ఆనించి ఆనించి, ఆ రాయి అలా అరిగిపోయిందట. ఇంతేనా అన్న ఆవిడ వానలోనే నడుచుకుంటూ వెళ్ళి ఆ పల్లాన్ని చేత్తో నిమిరి, ముక్కు చీదుకుంటూ తిరిగొచ్చింది.

నిజం చెప్పుకోవాలంటే ఆ చిన్నకోడలంత హాయైన మనిషి ఆ మేడలోనే లేదు. ముద్దగా, ఎర్రగా ఉండేది, పగలబడి నవ్వేది. మొగుడు ఓడ ఎక్కడం అటుంచి, పేకముక్కలు వదిలి వీధి గుమ్మం దాటితే గొప్ప. మధ్యాహ్నం ఇద్దరూ పోటీపడి గురకపెట్టి నిద్రపోయేవాళ్ళు. వెనకవైపుకి ఆవిడ ఒక్కనాడు కూడా తొంగిచూసి ఎరగదు.

కిటికీ దగ్గర నిలబడింది వాళ్ళమ్మ. తెప్పలు దింపుకు రావడానికి ఎగువకి వెళ్ళిన కూలీల్లో ఆవిడ మొగుడొకడు. తెప్పలొచ్చాయి, మనిషి రాలేదు. ఏమయ్యాడని మేడమీద ఎవరూ అడగలేదు, ఇంకో కూలీని పెట్టుకున్నారు. ఆవిడ రోజూ పొద్దున్నే ఆ రాతి గట్టు మీద వంటింటి కత్తులు నూరేది. నూరుతూ రేవు వంక చూసేది. చూస్తూ చూస్తూ, కత్తి పదునెక్కిందన్న సంగతి కూడా మరిచిపోయి నూరుతూనే ఉండేది. రాయి అరిగింది అందుకు.

ఆ సాయంత్రం గేటు మూసిన చప్పుడు వినగానే అక్క మొదలెట్టింది. "ఏమే, చిన్నకోడలుగారి మొగుణ్ణి ఓడెక్కించావుటగా? పాపం ఆయనేం చేశాడే నిన్ను?"

"విన్నావా?"

"కిటికీ అవతల నిలబడి అరిస్తే వినక చస్తానా? ఆయన ఓడెక్కితే పేకాటకి నాలుగో చెయ్యి ఎవరే?"

ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాక అక్క గొంతు తగ్గింది. "కత్తులు నూరే రాయిని మోచెయ్యి అన్నావు చూడు, అమ్మ వింటే నీ వీపు విమానం మోత మోగేది."

"జనం రాకపోతే మేడ మూసేస్తారట అక్కా. ఏం చెయ్యమంటావు?"

అక్క చీపురు చేతిలోకి తీసుకుంది. "చెప్పుకోలే. అమ్మ ఏడుపు ఏనాడూ ఎవరికీ పట్టలేదు. కోడలుగారి పేరు మీదైనా నలుగురూ వింటే విననీ" అంది.

విన్నారు. నలుగురు కాదు, ఊరు ఊరంతా విన్నది. వచ్చినవాళ్ళు ఇంకొకళ్ళకి చెప్పారు. తాళాలమ్మ కూడా రోజురోజుకీ కాస్త ఉప్పూ కారం తగిలించింది. కొత్తగా పెళ్ళైన జంటలు కిటికీ ముందు నిలబడి ఫొటోలు దిగేవాళ్ళు. ఎవరో పత్రికలో రాశారు. టికెట్ల బల్ల ముందు వరస గేటు బయటిదాకా పాకింది. జనం పెరట్లో ఉన్నంతసేపూ అక్క లోపల కిటికీ పక్కగోడకి అంటుకుని, దగ్గొచ్చినా బిగబట్టుకుని కూర్చునేది. గది నిలబడింది కదా, ఈమాత్రం ఇబ్బంది ఏపాటి అనుకున్నారు ఇద్దరూ.

అప్పుడొచ్చింది కార్యదర్శి, మొహం చాటంత చేసుకుని. "తాళాలమ్మా, మీరు ఈ మేడని బతికించారు! అందరూ ఒకటే అడుగుతున్నారు, ఆ గది లోపలికి ఎందుకు వెళ్ళనివ్వరని. పైవాళ్ళు ఒప్పుకున్నారు. గదిని అచ్చం చిన్నకోడలుగారు ఉన్నప్పటిలా తయారుచేసి తెరుద్దాం!"

తాళాలమ్మకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "మరి మేమో?"

"మీకేం భయం లేదు. రెండు వీధుల అవతల మంచి గది చూశాం. గాలీ వెలుతురూ బాగా వస్తాయి. అద్దె సంఘమే ఇస్తుంది."

వెలుతురట! అక్కకి వెలుతురు దేనికి? తాళాలమ్మ అక్కడే, ఆ అమ్మాయి కాళ్ళ దగ్గర కూలబడింది.

"అమ్మా, మీకు పుణ్యం ఉంటుంది. అదంతా అబద్ధమమ్మా. నేను అల్లింది. చిన్నకోడలుగారు ఆ గదిలో కాలు పెట్టలేదు. అక్కడ చూస్తూ నిలబడింది మా అమ్మ."

కార్యదర్శి మొహంలో నవ్వు తగ్గింది. కోపం కూడా రాలేదు, జాలి వచ్చింది. అది ఇంకా కష్టం. "లేవండి, ముందు లేవండి. మీ బాధ నాకు తెలుసు. పుట్టి పెరిగిన గది వదలాలంటే ఎవరికైనా ప్రాణం ఒప్పదు. కానీ దానికోసం ఇన్నాళ్ళూ చెప్పిందంతా అబద్ధమని మాట మారుస్తారా?"

"మాట మార్చడం కాదమ్మా, నిజం!"

"పోనీ మీ అమ్మగారి ఫొటో ఏదైనా ఉందా? ఆవిడ ఆ గదిలో ఉన్నట్టు ఎక్కడైనా రాసుందా?"

ఏముంటుంది? మేడ గోడల మీద అందరి బొమ్మలూ ఉన్నాయి. పెద్దయ్యగారి గుర్రం బొమ్మ కూడా ఉంది. అంతమందికి వండిపెట్టిన మనిషి నీడైనా ఎక్కడా లేదు.

ఇక మిగిలింది ఒక్కటే దారి. చిన్నయ్యగారి మేనకోడలు ఒకావిడ అదే ఊళ్ళో, కొత్త కట్టడాల్లో ఏడో అంతస్తులో ఉంటుంది. చిన్నకోడలు ఆవిడకి స్వయానా అత్తయ్య, మేనమామ భార్య. సెలవులకి మేడకి వచ్చి, ఆ అత్త ఒళ్ళోనే పెరిగింది. ఆవిడ ఒక్క ముక్క చెబితే చాలు. తాళాలమ్మ ఎన్నడూ ఎక్కని లిఫ్టు ఎక్కి, గోడ పట్టుకుని నిలబడి, ఏడో అంతస్తుకి చేరింది.

"నువ్వటే! రా, రా" అంది పెద్దావిడ. టీ ఇప్పించింది. చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నది.

"నిజమే" అంది చివరికి. "మా అత్తయ్యకి ఎదురుచూడ్డం ఎక్కడ చేతనవును? భోజనం రెండు నిమిషాలు ఆలస్యమైతే గిన్నెలు విసిరేది."

తాళాలమ్మకి ప్రాణం లేచొచ్చింది. "ఆ ఒక్క మాట కార్యదర్శిగారికి చెప్పండి అమ్మగారూ. మీ కాళ్ళు పట్టుకుంటాను. మా అక్క బతుకుతుంది."

పెద్దావిడ టీ కప్పు బల్లమీద పెట్టి, పక్కనే ఉన్న పత్రిక చేతిలోకి తీసుకుంది. "ఇది చూశావా? మా అత్తయ్య బొమ్మ వేశారు. ఈ కట్టడంలో నేనెవరో ఇన్నేళ్ళుగా ఎవరికీ తెలీదు. ఇప్పుడు కింద కాపలావాడు కూడా లేచి నిలబడి, ఆ కోడలుగారు మీవాళ్ళేనట కదమ్మా అంటున్నాడు. మా వంశంలో కలప కొట్టినవాళ్ళూ, తిని పడుకున్నవాళ్ళూ తప్ప ఇంకెవరున్నారే? ఒక్క మనిషి ప్రేమకోసం ప్రాణం పెట్టిందని లోకం అనుకుంటోంది. అనుకోనీ. ఎందుకు చెడగొట్టడం?"

"అది మా అమ్మ ఏడుపు అమ్మగారూ."

"మీ అమ్మ మా ఉప్పు తిన్న మనిషే కదే" అంది పెద్దావిడ, ఎంతో సహజంగా. తాళాలమ్మకి ఒళ్ళంతా మండింది. అరవాలనుకుంది. చిన్నప్పటినుంచీ ఆ ఇంటివాళ్ళ ముందు తగ్గించుకున్న గొంతు ఎంత ప్రయత్నించినా పెగల్లేదు. మెట్లు దిగి వచ్చింది, లిఫ్టు ఎక్కబుద్ధి కాలేదు.

గది ఖాళీ చేసిన రోజు అక్క ఒక్క మాట కూడా తూలలేదు. గోడలన్నీ ఓసారి తడిమింది. "ఊరుకోవే, రెండు వీధులేగా" అని చెల్లెలికే ధైర్యం చెప్పింది. కొత్త గదిలోకి వెళ్ళాక తెలిసింది ఆ రెండు వీధులెంత దూరమో.

మొదటిరోజే తలుపు అంచు తగిలి నుదురు బొప్పికట్టింది. మర్నాడు మంచినీళ్ళ బిందె తట్టుకుని పడింది. "ఇది మనిషి కట్టిన గదేనా? గుమ్మం ఎక్కడో, కిటికీ ఎక్కడో, బుద్ధుండొద్దూ!" అని కాసేపు తిట్టింది. తిట్టినన్నాళ్ళూ బాగానే ఉంది. తరవాత తిట్టడం మానేసింది. మంచం అంచున రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, చెల్లెలు పొద్దున్న ఎలా కూర్చోబెడితే సాయంత్రానికి అలాగే ఉండేది. పక్కనే పెట్టిన అన్నం గిన్నె అలాగే ఉండేది. మేడంతా చుట్టిన మనిషి, బాత్రూముకి వెళ్ళాలంటే చెల్లెలు వచ్చేదాకా ఆపుకునేది. ఒకరోజు ఆపుకోలేకపోయింది. తాళాలమ్మ పని నుంచి వచ్చి తలుపు తీసేసరికి తడిబట్టలతో గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. "నన్ను చూడకే" అంది. ఇద్దరిలో ఎవరికి చూపు లేదో మరిచిపోయినట్టు తాళాలమ్మ చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది.

సాయంత్రం గేటు మూశాక అక్కని ఒక్క గంట తీసుకొచ్చి తిప్పుదామంటే, ఆ దారీ మూతపడింది. కొత్తగా జనం పెరిగారని సంఘంవాళ్ళు తాళాలన్నీ మార్చారు. కాపలాకి ఒక కంపెనీని పెట్టారు. గుత్తి వాళ్ళకి అప్పగించమన్నారు. తాళాలమ్మ దగ్గర ఇప్పుడు ఒక్క తాళంచెవి కూడా లేదు, పేరు మాత్రం మిగిలింది. అక్కని ఒక్కసారి లోపల తిరగనివ్వమని కాపలావాడిని అడిగింది. "టికెట్టు కొనుక్కుని రమ్మనండి, ఎవరు వద్దన్నారు?" అన్నాడు. వాడు వెటకారంగా అనలేదు. మామూలుగానే అన్నాడు.

సరే, టికెట్టే కొన్నది. వరసలో నిలబడి కొన్నది. అక్క చెయ్యి పట్టుకుని గేటు దాటించింది.

గేటు దాటిన మరుక్షణం ఆ చెయ్యి బిగువు సడలింది. అక్క తల ఎత్తింది, ముక్కుపుటాలు అదిరాయి. "పెరటి మందారం కొట్టేశారా? గాలి వేరేగా వస్తోంది" అంది. అన్నాళ్ళకి ఆవిడ నోట్లోంచి వచ్చిన మొదటి పెద్ద మాట అది. చెల్లెలి చెయ్యి వదిలేసి, వరండా మీదుగా, వంటింటి పక్కగా, ఎవరూ దారి చూపక్కర్లేకుండా నడిచింది. జనం తప్పుకుని దారిచ్చారు.

రోజూ చూపిస్తున్న గదే అయినా, అక్కతో వచ్చేసరికి తాళాలమ్మ గుమ్మంలో ఆగిపోయింది. గోడలకి గులాబీ రంగు. నగిషీ మంచం, దానిమీద పట్టు దుప్పటి. మేడమీంచి తెచ్చిన చిన్నకోడలి పెద్ద బొమ్మ, నిండు బుగ్గలతో నవ్వుతూ. మధ్యలో అడ్డంగా ఎర్రతాడు. అక్కకి అవేవీ కనపడవు కదా, అంతవరకు అదృష్టమే. తాడు నడుముకి తగిలితే ఇదేమిటన్నట్టు చేత్తో పైకెత్తి, కిందనుంచి దూరి, సరాసరి కిటికీ దగ్గరికి వెళ్ళి గట్టు మీద రెండు చేతులూ ఆనించి కూర్చుంది. మొహం సందువైపు తిప్పింది. ఎండ పడి ఆ మొహం వెలిగిపోయింది.

గదిలో గుసగుసలు ఆగిపోయాయి. ఎవరో ఫోను పైకెత్తారు. ఇంకెవరో, "అబ్బ, ఎంత బాగా పెట్టారో! అచ్చం ఆవిడే కూర్చున్నట్టుంది" అన్నారు. చప్పట్లు మొదలయ్యాయి.

తాళాలమ్మకి ఇక పట్టపగ్గాలు లేవు. తాడు ముందుకొచ్చి నిలబడింది. "చప్పట్లు ఆపండి! ఇది ఆట కాదు. ఆవిడ మా అక్క. ఈ గది మాది, మేం పుట్టిన గది. ఇక్కడ ఎదురుచూసింది కోడలుగారు కాదు, మా అమ్మ. వంటమనిషి. మా నాన్న తెప్పలతో వెళ్ళి రాలేదు. ఎవరూ అడగలేదు. అడగనే లేదు!" కళ్ళవెంట నీళ్ళు ధారలు కట్టాయి.

ఆ తరవాత చప్పట్లు ఇందాకటికంటే గట్టిగా మోగాయి. ఒక ముసలాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "నాటకం చాలా బాగుందమ్మా. వంటమనిషి పాత్ర చేర్చడం మంచి ఆలోచన" అన్నాడు. ఆ వెనకే ఒకమ్మాయి గొంతు పెంచి, "అది సరేగానీ, చిన్నకోడలుగారు పోయింది ఈ మంచం మీదేనాండీ?" అని అడిగింది.

గుమ్మంలో కార్యదర్శి నిలబడి ఉంది. అందరూ వెళ్ళాక దగ్గరికొచ్చి తాళాలమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ అమ్మాయి కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. నమ్మిందో, చలించిందో, లెక్క చూసుకుందో దేవుడికే తెలియాలి.

"ఆవిడని రోజూ తీసుకురండి తాళాలమ్మా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ కిటికీ దగ్గరే కూర్చోవచ్చు. ఎవరూ లేవమనరు. చిన్నకోడలుగారిలా ఒక పట్టుశాలువా కప్పుదాం. మాట్లాడకూడదు, లేచి తిరగకూడదు, సామాను ముట్టుకోకూడదు, అంతే. మీరు మాత్రం పాత కథే చెప్పాలి. ఇవాళ చెప్పింది వద్దు, జనం తికమకపడతారు."

సాయంత్రం దాకా తెలియని గదిలో ఒక మూల, తడిబట్టలతో కూర్చున్న అక్క తాళాలమ్మ కళ్ళముందు మెదిలింది. వద్దంటే ఆ మూలకే తీసుకెళ్ళాలి.

అక్కే జవాబు చెప్పింది, కిటికీ ఊచలు వదలకుండానే. "కూర్చుంటానమ్మా. ఏ శాలువా కప్పితేనేం."

ఆ రాత్రి అన్నం పూర్తిగా తిన్నది. "నేను కోడలుగారినటే! ఇకనుంచి నన్ను అమ్మగారూ అని పిలు" అని చెల్లెల్ని ఆటపట్టించింది కూడా. ఆ నవ్వు నాలుగు రోజులైనా నిలవలేదు. కిటికీ దగ్గర కూర్చున్నంతసేపూ ఆవిడ వేళ్ళు ఒళ్ళో కదులుతూనే ఉండేవి. అయిదు అడుగుల దూరంలో వంటిల్లుంది, అది దాటితే వరండా, పైన మెట్ల మీద పిట్టలు. లేవకూడదు. సాయంత్రం గంట కొట్టగానే కాపలావాడు వచ్చి శాలువా విప్పి మడతపెట్టి తీసుకెళ్ళేవాడు. చెల్లెలు ఊచల మీంచి అక్క వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసేది. "ఎవరికోసం చూస్తున్నాననుకుంటున్నారే వాళ్ళంతా?" అంది ఒకసారి దారిలో. "మొగుడికోసం అక్కా." "నేను సాయంత్రం అవకూడదని చూస్తానే" అంది.

ఆదివారం జనం కిక్కిరిసి ఉన్నారు. తాళాలమ్మ తాడు పక్కన నిలబడి, ఓడ సంగతీ, రేవు సంగతీ, మోచేతి సంగతీ వరసగా అప్పజెప్పింది. నోరు దాని మానాన అది చెప్పుకుపోతోంది. ముందు వరసలో తల్లి చంకనున్న పాప కిటికీ వైపు వేలు చూపించింది. అక్క కదలకుండా, పెదవి విప్పకుండా కూర్చుని ఉంది. చూపులేని ఆ కళ్ళలోంచి నీళ్ళు కారి, గడ్డం మీదుగా పట్టుశాలువా మీద పడుతున్నాయి.

"అయ్యో, ఆవిడ నిజంగానే ఏడుస్తోందే!" అంది పాప తల్లి.

గుమ్మం దగ్గర కార్యదర్శి తలెత్తి చూసింది. కాపలావాడూ చూశాడు. తాళాలమ్మ గొంతు సవరించుకుంది.

"అబ్బే, లేదండీ, నటనే" అంది. "రండి, ఇంకా పై అంతస్తు చూడాలి."